ఆకాశంలో తీగ, చీటీలో ‘సాఫ్’

కరీంనగర్‌లో ఒక కాలేజీ హాల్లో ఉపన్యాసం ఉందని పేపర్లో అగ్గిపెట్టెంత ముక్క పడింది. కక్ష్యలో వేలాడే తీగలు, అవి పుట్టించే ప్లాస్మా తరంగాలు, ఇదీ విషయం. నేను హుజూరాబాద్‌లో నలభై ఏళ్లకు పైగా రైతుల బావి మోటార్లకు వైండింగ్ చేసినవాణ్ని. నా చదువు ఐదో తరగతితో ఆగింది. నీకు అక్కడేం పని అని మీరు అడగవచ్చు. మా ఇంటావిడ అడిగింది.

"ఆకాశంల తీగల ముచ్చట నీకేంది? బట్టలారేసే తీగ తెగి నాలుగు దినాలాయె. ముందుగాల గది కట్టు," అన్నది.

కట్టే వెళ్లాను.

వెళ్లడానికి కారణం ఒక ఈల. ఇరవై రెండేళ్ల వయసులో, నిర్మల్‌లో, ఫోన్ తీగ మీద ఒక పొద్దున నేనొక ఈల విన్నాను. వినలేదని చెప్పాను. నా ఆ ఒక్క మాటతో ఇచ్చోడలో ఒక మనిషి తాగుబోతని పేరు పడ్డాడు. తాగని మనిషి. ఆయన వయసులో నాకన్నా రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. ఇక్కడా అన్న అనే రాస్తాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. ఆ ఈల ఏమిటో తెలుసుకుందామని చిత్తుకాగితాల దుకాణంలో తూకానికి కొన్న ఇంగ్లీషు పత్రికలు, నిఘంటువు పక్కన పెట్టుకొని చదువుతూ నా కళ్లు సగం పోయాయి. తెలుగులో ఒక్క పుస్తకం దొరకలేదు. జాతకాల మీద మాత్రం బస్టాండు నిండా దొరుకుతాయి. ఈ దేశంలో చదువుకోవాలన్న బుద్ధి పుట్టిన పేదవాడికి పడే శిక్ష ఇది.

హాల్లో మొదటి గంట శాలువాలకే పోయింది. కప్పినవాళ్లు కప్పారు, కప్పించుకున్నవాళ్లు ఫొటోలకు నవ్వారు. చెప్పడానికి వచ్చిన శాస్త్రవేత్త మాత్రం ఒక మూల కుర్చీలో చేతులు కట్టుకొని కూర్చుంది. నలభై దాటిన ఆడమనిషి, నిర్మల్‌లో పుట్టి పెరిగిందట. చివరికి ఆమెకు అరగంట మిగిల్చారు.

ఆమె మాట తేటగా ఉంది. ఉపగ్రహం నుంచి కిలోమీటర్ల పొడవున సన్నని లోహపు తీగ వదులుతారు. ఉపగ్రహం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంటుంది. భూమి తానే ఒక పెద్ద అయస్కాంతం. ఆ అయస్కాంత క్షేత్రాన్ని తీగ అడ్డంగా కోసుకుంటూ పోతే అందులో కరెంటు పుడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయస్కాంతం, తీగ, కదలిక. నా బతుకంతా ఈ మూడింటితోనే గడిచింది. కానీ కరెంటు పారాలంటే పోయిన దారి మళ్లీ తిరిగి రావాలి కదా, అక్కడ రెండో తీగ ఏది? దానికీ ఆమె దగ్గర జవాబు ఉంది. ఆ ఎత్తున గాలి దాదాపు లేదు, ఉన్న కాస్త కూడా ఎండకు పగిలి విద్యుత్ కణాల పొగలా ఉంటుంది. దాన్నే ప్లాస్మా అంటారు. తీగ ఒక కొసన ఎలక్ట్రాన్లను పీల్చుకొని రెండో కొసన బయటికి చిమ్ముతుంది. మిగిలిన దారంతా ప్లాస్మాదే. అలా కరెంటు తనలోంచి పోతుంటే ప్లాస్మా ఊరుకోదు, కదులుతుంది, తరంగాలు లేస్తాయి. ఆ తరంగాలు భూమి అయస్కాంత రేఖలను పట్టుకొని దూరదూరాలు పోతాయి. తీగలో కరెంటును మనం కావాలని ఆపుతూ వదులుతూ ఉంటే, కావలసిన తరంగాన్నే పుట్టించవచ్చు.

ముందు వరుసలోంచి శాలువా కప్పుకున్న ఒకాయన లేచాడు. "అంటే మేడం, కరెంటు ఫ్రీ అన్నట్టేనా?"

"కాదు సార్. ఎత్తు ఖర్చవుతది," అన్నదామె. "తీగలో కరెంటు పారిన కొద్దీ ఉపగ్రహానికి బ్రేకు పడతది. మెల్లమెల్లగా కిందికి దిగుతది."

ఆయన అర్థమైనట్టు తల ఊపి ఫోను చూసుకున్నాడు.

ఈ తీగలు వదలడం అంత తేలిక కాదని కూడా చెప్పింది. కొన్నిసార్లు రీలు బిగుసుకుపోయి తీగ బయటికి రాలేదు. ఒకసారి చాలా పొడవు వదిలాక తీగ కాలి తెగిపోయింది. దాని పైపొరలో ఎక్కడో చిన్న లోపం, అక్కడ నిప్పురవ్వ లేచింది.

"ఎనామిల్ గీసుకపోయింది!" అన్నాను. పైకే అనేశాను. ఎన్ని మోటార్లు అలా కాలి నా ముందుకు వచ్చాయో నాకే తెలుసు. హాలంతా వెనక్కి తిరిగింది. ఆమె నవ్వి, "పెద్దాయన చెప్పిందే కరెక్టు," అన్నది.

తర్వాత ఆమె ఒక చప్పుడు వినిపిస్తానన్నది. తీగ పుట్టించాలనుకునే తరంగాలకు ప్రకృతిలో చుట్టాలు ఉన్నాయట. ఎక్కడో మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపు అల కొంత పైకి పోయి, ప్లాస్మాలో అయస్కాంత రేఖ వెంబడి భూమి అవతలి సగానికి దిగుతుంది. సన్నని స్వరం ముందు చేరుతుంది, లావు స్వరం ఆలస్యంగా చేరుతుంది. అందుకే చెవికి ఈలలా వినబడుతుంది. ఆమె మీట నొక్కగానే పైనుంచి కిందికి జారుతూ పొడుగాటి ఈల ఒకటి హాలంతా సాగింది.

నేను ముందు కుర్చీ పట్టుకున్నాను. యాభై ఏళ్లకు పైగా నేను చదివినదేదీ నాకు చెవితో వినబడలేదు. వినకపోవడం నాకు హాయిగా ఉండిందని కూడా ఒప్పుకోవాలి.

లేచాను. "అమ్మా, గిది నేల మీద, అడవిల ఏసిన పొడుగాటి ఫోన్ తీగ మీద ఇనవడుతదా?"

మైకు పట్టుకున్న కుర్రాయన అడ్డం వచ్చాడు. "తాతా, టైం అయిపోయింది. భోజనాలు చల్లారుతున్నయ్."

"నేను నీ తాతను కాను. ప్రశ్న ఆమెకు ఏసిన."

ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపింది. "ఎందుకు వినపడదు సార్? ఉపగ్రహాలు పుట్టకముందు మనుషులు దీన్ని మొదట విన్నదే ఫోన్ తీగల మీద. మీరు చెప్పే అడవి ఎక్కడ?"

"ఆదిలాబాద్ దిక్కు. చలికాలం. పొద్దు పొడవకముందు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "మన దిక్కు చాలా అరుదు. భూమధ్యరేఖకు దగ్గర కదా. కానీ వస్తే మీరు చెప్పిన వేళకే వస్తది. ఇంత పొడుగు ఉండదు. మన దగ్గర దాని దారి చిన్నది, ఈల కూడా పొట్టిగనే ఉంటది. ఎవరు విన్నరు?"

"మా దోస్తు."

"మీరు విన్నరా?"

చుట్టూ అన్ని ముఖాలు నా వైపే ఉన్నాయి. "లేదమ్మా, మా దోస్తే," అన్నాను.

రెండోసారి. యాభై ఏళ్లలో నేను నేర్చుకున్న చదువు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు అక్కరకు రాలేదు. ఆమె నా నంబరు తీసుకొని ఆ ఈలను వాట్సాప్‌లో పంపింది. భోజనం చేయకుండా బస్టాండుకు నడిచాను. హుజూరాబాద్ బస్సు ఎదురుగా నిలబడి ఉన్నా ఎక్కకుండా, జగిత్యాల మీదుగా నిర్మల్ పోయే బస్సెక్కాను.

అసలు జరిగింది చెప్పాలి.

మా బాపు నేతపని చేసేవాడు. మగ్గం మీద ఇల్లు గడవక నేను నిర్మల్ పోయి, ఫోన్ లైన్లు చూసుకునే ఒక కంట్రాక్టరు కింద చేరాను. నిర్మల్ నుంచి ఇచ్చోడ దాకా అడవిలో స్తంభాల మీద తీగలు ఉండేవి. నిర్మల్ కొసన నేను, ఇచ్చోడ కొసన అన్న. మా పని ఇది: రోజూ పొద్దు పొడవకముందే, ఫోన్లు మొదలుకాకముందు, ఇద్దరం ఒకే వేళకు రిసీవర్ చెవికి పెట్టుకోవాలి. మాట్లాడకూడదు. మూడు వందలు లెక్కపెట్టేదాకా ఊరికే వినాలి. తర్వాత ఎవరికి వారు, ఒకరినొకరు అడగకుండా, విన్నది చీటీ మీద రాసి మేస్త్రీకి ఇవ్వాలి. అన్న చీటీ మొదటి బస్సులో నిర్మల్ వచ్చేది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి మేస్త్రీ చూసేవాడు.

ఏ చప్పుడూ లేకపోతే సాఫ్ అని రాయాలి. గరగర అని రాస్తే మాత్రం మర్నాడు రెండు కొసల నుంచీ ఇద్దరం బయలుదేరి, అడవిలో కలుసుకునేదాకా నడవాలి. ప్రతి స్తంభం కిందా నిలబడి, తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నె పగిలిందా, తీగజాతి మొక్క ఏదైనా పాకిందా చూడాలి. అందుకని ఏ లైన్ మీద పనిచేసేవాడైనా, తీగ పూర్తిగా తెగితే తప్ప, సాఫ్ అనే రాసేవాడు. నేను ఇంకో మెట్టు దిగాను. ఆదివారం కూర్చొని పది చీటీల మీద సాఫ్ అని ముందే రాసి జేబులో పెట్టుకునేవాణ్ని.

అన్న అలా చేయలేదు. వాళ్లది మిషన్ సంఘంలోని క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధనలో బైబిల్ వాక్యం చదివేది అన్నే. గొంతు మంచిది, తొందరపడడు. వాళ్లింట్లో సారా వాసన కూడా పడదు. గరగర వినబడితే గరగర అని రాసేవాడు, ఆయనతో పాటు నన్నూ నడిపించేవాడు. అడవిలో కలుసుకున్నప్పుడు నేను తిట్టేవాణ్ని. ఆయన నవ్వి తన గుడ్డలోంచి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చేవాడు.

ఆ పొద్దున చలి బాగా ఉంది. నూరు దాటి లెక్కపెడుతుండగా తీగలోంచి ఒక ఈల వచ్చింది. పొట్టిది, పైనుంచి కిందికి జారింది. మనిషి వేసింది కాదు, పిట్టది కాదు. కొంచెం ఆగి ఇంకొకటి. మళ్లీ ఒకటి. నాలుగోది సన్నగా వచ్చి సగంలోనే పోయింది. అయినా జేబులోంచి రాసి ఉన్న చీటీ తీసి మేస్త్రీకి ఇచ్చాను. మర్నాడు మా ఊళ్లో పని ఉంది. బాపు పాత మరమగ్గం ఒకటి కొన్నాడు, దాన్ని లారీలోంచి దించాలి. ఈల అని రాస్తే అడవిలో నడవాలి. అది గరగర కాదు కాబట్టి అన్న కూడా రాయడనుకున్నాను. ఇంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

బస్సులో వచ్చిన చీటీలో అన్న రాశాడు: లైన్ల ఈల ఇనవడ్డది.

నేను మగ్గం దించడానికి ఊరికి పోయాను, మేస్త్రీ వేరే మనుషులను పెట్టి లైనంతా నడిపించాడు. ఏ లోపమూ దొరకలేదు. మూడో రోజు అన్నను నిర్మల్ పిలిపించి, అందరి ముందు నన్ను అడిగాడు. "నీకు ఇనవడ్డదా?"

"లే సార్. నా చీటీల సాఫ్ అని ఉన్నది."

అన్న నా వైపు చూడలేదు. మేస్త్రీ నవ్వాడు. "అడవిల ఇప్పసారా గొట్టి ఈలలు ఇంటున్నవా? గా ఈల ఎవతిదో జర చెప్పరాదు." అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. కంట్రాక్టరు మరీ చెడ్డవాడు కాదు. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాసి ఇస్తే పనిలో ఉండనిస్తానన్నాడు.

"ఇన్నది ఇన్నలే అని ఎట్ల రాస్త సార్?" అన్నాడు అన్న.

పని పోయింది. అది పోతే పోయింది, పత్తి వేసుకొని బతికాడు. కానీ సారా మాట ఆయనకన్నా ముందే ఇచ్చోడ చేరింది. ఈలోడు అని పేరు పడింది. సంఘం పెద్దలు పిలిచి అడిగారు. తాగలేదన్నాడు. మరి ఈల మాట అబద్ధమని ఒప్పుకో అన్నారు. విన్నానన్నాడు. ఆ వచ్చే ఆదివారం నుంచి వాక్యం చదవడానికి ఆయన్ను పిలవలేదు. ఆయన చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను ఆ ఏడే పని మానేసి వైండింగ్ నేర్చుకున్నాను. తర్వాత మూడు నాలుగు పెళ్లిళ్లలో కలిశాం. వానల గురించి మాట్లాడుకున్నాం.

నిర్మల్ బస్సులో కూర్చొని నేను నోటుబుక్కులో రెండు పేజీలు రాశాను. మెరుపు, అయస్కాంత రేఖలు, ప్లాస్మా, ఉపగ్రహం కింద వేలాడే తీగ, అన్నీ బొమ్మతో సహా వేశాను. నా ఉపాయం ఏమిటంటే, అన్న విన్నది నిజమేనని సైన్సే తేల్చింది, ఈ కాగితం ఎవరికైనా చూపించుకో అని చెప్పి ఇచ్చి వచ్చేయాలి. నా సంగతి మధ్యలోకి రానక్కరలేదు. ఒక మనిషి ఆకాశమంత పెద్దదాని వెనక దాక్కోవచ్చని నాకు అప్పుడు తోచింది.

ఆ రాత్రి నిర్మల్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకొని, పొద్దున ఇచ్చోడ బస్సెక్కాను. దారి పొడవునా చూశాను. పాత స్తంభం ఒక్కటి కూడా మిగల్లేదు.

అన్న ఇంటి ముందు పత్తి కుప్ప పోసి ఉంది. అన్న, వదినె చెరో పక్కన కూర్చొని పత్తిలోని చెత్త ఏరుతున్నారు. వదినె నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏం మరిదీ, తొవ్వ తప్పి వచ్చినవా? ఇక్కడ పెండ్లి లేదు, సావు లేదు."

"ఊకోవే. కూసో తమ్మీ," అన్నాడు అన్న. "జర గట్టిగ మాట్లాడు. ఎడమ చెవి పోయింది. రిసీవర్ పెట్టిన చెవే ఇంక పనిజేస్తున్నది."

కూర్చొని నేనూ పత్తి ముందుకు లాక్కున్నాను. ఆకాశంలో తీగ గురించి మొదలుపెట్టాను. అన్న శ్రద్ధగా విన్నాడు.

"గంత పొడుగు తీగకు స్తంభాలేవి?"

"స్తంభాలు లెవ్వన్నా. ఉపగ్రహానికి ఏలాడుతుంటది."

"మరి లైన్ నడిచి చూసేటోడు?"

"ఎవ్వడు లేడు."

"గందుకే తెగింది," అన్నాడు. వదినె కూడా నవ్వింది.

ఫోను తీసి ఆయన కుడి చెవి దగ్గర పెట్టి ఈల వినిపించాను. అన్న కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. తల అడ్డంగా ఊపాడు.

"గిది గాదు."

"ఎట్ల గాదు?"

"గిది మస్తు పొడుగున్నది. నేనిన్నది పొట్టిది. మ్యాకను పిలిసినట్టు ఒక్క గుక్కల అయిపోయె."

ఆ శాస్త్రవేత్త చెప్పిందే అది. మన దగ్గర ఈల పొట్టిగా ఉంటుందని, ఏ పుస్తకమూ చదవని మనిషి, పత్తి ఏరుకుంటూ చెబుతున్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ సంబరంలో ఉన్నాను నేను.

"పొట్టివి, మూడు," అన్నాడు అన్న. "ఒకదాని ఎనుక ఒకటి, మూడు."

"మూడేందన్నా, నాలుగు. నాలుగోది సన్నగ వచ్చి సగంలనే పోయె."

తప్పు లెక్క వింటే నేను ఊరుకోలేను. అది నా రోగం. దుకాణంలో కూడా అంతే. రైతు తన మోటారు చుట్ల లెక్క తప్పు చెబితే భోజనం మధ్యలో లేచి సరిచేసేవాణ్ని. మాట నోట్లోంచి పోయాక గాని ఏం అన్నానో నాకు తెలియలేదు.

వదినె చేతులు ఆగాయి. అన్న నా వైపు తిరిగాడు. ఎడమ చెవి వైపు కూర్చున్నానేమో, నా మాట వినబడలేదేమో అని ఆశగా చూసుకున్నాను. కుడి వైపే కూర్చున్నాను.

"నాలుగోది నాకు ఎరుకలేదు," అన్నాడు మెల్లగా. "మూడైనంక రిసీవర్ దించి పెన్సిల్ దేవులాడుకున్న. నాలుగని నీకు ఎవలు చెప్పిండ్రు?"

శాస్త్రవేత్త చెప్పిందని అనవచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను అలసిపోయాను. రెండు రోజుల బస్సుల అలసట కాదు.

"ఇన్న అన్నా. నేను గూడ ఇన్న."

పత్తి కాయలోంచి పురుగొకటి బయటికి వచ్చి నా చేతి మీద పాకింది.

"ఇని?" అన్నది వదినె. "ఇని సాఫ్ అని రాసినవా?"

"చీటీ ముందే రాసి ఉండె వదినె. పది రాసి జేబుల పెట్టుకుంటుంటి."

"ముందే రాసినవా!" అన్నాడు అన్న. ఆయనకు నవ్వు వచ్చింది. నిజంగానే నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. తర్వాత ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "నేను దినాం మూడు వందలు లెక్కవెడుతుంటి తమ్మీ. ఆడ నువ్వు గూడ లెక్కవెడుతున్నవ్ అనుకుంటుంటి."

వదినెకు నవ్వు రాలేదు. "ఈయన ఆదివారం పొద్దుగాల్ల ఇంట్ల గోడకు వాక్యం చదువుకుంటుండె. సంఘంల పిలుస్తరేమో అని. ఎన్నేండ్లు చదివిండో నీకెరుకనా? మా అత్త సచ్చేదాక నా కొడుకు తాగిండా తాగలేదా అని నన్నడిగింది. నేనేం చెప్పాలె?"

నేను నోటుబుక్కు తీసి ఆ రెండు పేజీలు చింపి అన్న చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. చేతిలో ఉన్నది అదే కాబట్టి. ఆయన దూరంగా పట్టి చూసి, "కండ్లు ఆనతలేవు, నువ్వే చదువు," అని తిరిగి ఇచ్చాడు. చదివాను. మెరుపు, రేఖలు, ప్లాస్మా, కక్ష్య. చదువుతుంటే నా గొంతే నాకు పరాయిదిలా వినబడింది. అన్న ఆఖరు దాకా విన్నాడు.

"మంచిగ రాసినవ్. దీంట్ల నువ్వేడ ఉన్నవ్?"

నేను కాగితాలు తిప్పి వెనక వైపు కూడా చూశాను.

"మెరుపు ఉన్నది. భూమి ఉన్నది. ఉపగ్రహం ఉన్నది. నిర్మల్ కొసన రిసీవర్ పట్టుకున్నోడు లేడు. గది రాయి. చీటీ రాయి."

వదినె లోపలికి పోయి గోడ మీది క్యాలెండర్ నుంచి పాత నెల కాగితం చింపి, వెనక తెల్లగా ఉన్న వైపు నా ముందు పెట్టింది. పెద్ద అక్షరాలతో రాయమన్నాడు అన్న. రాశాను: ఆ పొద్దున నిర్మల్ కొసన నేను కూడా విన్నాను. నాలుగు ఈలలు. నా చీటీలో సాఫ్ అని రాసింది అబద్ధం. కింద సంతకం చేశాను.

అన్న వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు. మళ్లీ ఇంకోసారి చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"ఎల్లుండి ఆదివారం. ఉండి నువ్వే చదువు. నేను చెప్తే ఈలోడు చెప్పినట్టే ఉంటది."

మా ఇంటావిడకు ఫోను చేసి, రెండు రోజులు ఆగుతానని చెప్పాను. ఎందుకని అడిగింది. చీటీ ఒకటి తప్పు రాశానని చెప్పాను. గాడ నీకు చీటీలేందని ఆమె ఇంకా ఏదో అంటుంటే పెట్టేశాను.

ఆదివారం చదివాను. పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. ఆనాటి పెద్దలు ఒక్కరూ బతికి లేరు. కూర్చున్నవాళ్లలో ముప్పాతిక మంది అప్పటికి పుట్టనే లేదు. అన్నకు ఈలోడని ఒక పేరు ఉండేదని కూడా వాళ్లకు తెలియదు. ముఖాలు చూసుకున్నారు. ఒక ముసలామె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వదినె చెయ్యి పట్టుకుంది. పాస్టరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. విషయం మెల్లగా అడిగి తెలుసుకొని అన్న దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఆదివారం వాక్యం మీరు చదవాలె తాతా," అన్నాడు.

"కండ్లు పోయినయ్ నాయినా," అన్నాడు అన్న. "గింతగింత అక్షరాలు నాకు ఆనవు."

ఇంటికి నడిచాం. మలుపు దగ్గర అన్న ఆగి, ఊపిరి తీసుకొని అన్నాడు.

"మస్తు జల్ది చదివినవ్. నేనైతే నిమ్మలంగ చదువుదును."

మధ్యాహ్నం బస్సులో కూర్చున్నాక, ఆ శాస్త్రవేత్తకు సందేశం పెట్టాను. అమ్మా, ఆ రోజు హాల్లో మీరు నన్ను అడిగారు, లేదన్నాను. విన్నాను. నాలుగు, పొట్టివి. ఇంత రాసేసరికి బస్సు నేరడిగొండ దాటింది. నిర్మల్ చేరకముందే జవాబు వచ్చింది. ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు అని అడిగింది. తేదీ తెలిస్తే ఆ పొద్దున ఆకాశం ఎలా ఉండిందో పాత లెక్కల్లో వెతకవచ్చట.

నాకు తేదీ తెలియదు. ముందే రాసిపెట్టుకున్న చీటీల మీద తేదీ వేసేవాణ్ని కాను, ఇచ్చేముందు మేస్త్రీ బల్ల దగ్గర నింపేవాణ్ని. చలికాలమని తెలుసు, మరమగ్గం వచ్చినదానికి ముందురోజని తెలుసు. మరమగ్గం ఏ రోజు వచ్చిందో చెప్పడానికి బాపు లేడు.

అన్నకు ఫోను చేశాను. బస్సు చప్పుడులో గట్టిగా అరిచి అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తేదీ, నెల, సంవత్సరం, వారం చెప్పాడు. గడియారంలో ఎన్ని గంటలో చెప్పాడు.

"రాసుకున్నవా?"

"రాసుకున్న అన్నా."

"మల్ల ఒకసారి చదువు," అన్నాడు. "నిమ్మలంగ."